ఒక్క కేసు చాలదు: డిగ్రీ క్లాసులో మేనేజ్‌మెంట్ పాఠం ఎలా ఒంటబడుతుంది

విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక టిఫిన్ సెంటర్ ఉందనుకుందాం. ప్లేటు 50 రూపాయలు. పప్పు, బియ్యం, నూనె, గ్యాస్ అన్నీ కలిపి ప్లేటుకు 30 ఖర్చవుతుంది. అద్దె, జీతాలు, కరెంటు కలిపి నెలకు లక్ష. రోజుకు 200 ప్లేట్లు పోతున్నాయి. యాప్‌లో డెలివరీ కూడా మొదలుపెడదామని యజమాని కొడుకు అంటున్నాడు. యాప్ వాళ్లు బిల్లులో 25 శాతం కమీషన్ తీసుకుంటారు. ప్యాకింగ్‌కు ప్లేటుకు 4 రూపాయలు. ఆర్డర్లు చూసుకోవడానికి నెలకు 12,000 జీతంతో ఒక కుర్రాడిని పెట్టుకోవాలి. రోజుకు 60 ఆర్డర్లు వస్తాయని అంచనా. తండ్రి వద్దంటున్నాడు. ఎవరి మాట నెగ్గాలి?

అంకెలు క్లాసు కోసం కల్పించినవే. అర పేజీ కూడా లేని ఈ కాగితమే ఒక కేసు. బీకాం రెండో ఏడాదో, బీబీఏ మొదటి ఏడాదో చదివే పిల్లల చేతికి ఇది ఇస్తే మొదట వచ్చే జవాబు ఊహించవచ్చు: ‘మొదలుపెట్టాలి సార్, సేల్స్ పెరుగుతాయి కదా.’ ముందు బెంచీలో శ్రద్ధగా చదివే అమ్మాయి బ్రేక్ ఈవెన్ లెక్క, అంటే లాభం నష్టం లేకుండా గట్టెక్కాలంటే ఎన్ని అమ్మాలన్న లెక్క కడుతుంది. లక్షను ప్లేటుకు మిగిలే 20తో భాగిస్తే నెలకు 5,000 ప్లేట్లు, అంటే రోజుకు 167. ఇప్పటికే 200 అమ్ముతున్నారు కాబట్టి భయం లేదంటుంది. సూత్రం తప్పు లేదు, లెక్కా తప్పు లేదు. కానీ అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

అసలు లెక్క వేరే చోట ఉంది. యాప్‌లో అమ్మే ప్లేటు మీద కమీషన్ పన్నెండున్నర, ప్యాకింగ్ 4, సరుకు 30 పోతే మిగిలేది మూడున్నర రూపాయలు. 60 ప్లేట్ల మీద రోజుకు 210. కుర్రాడి జీతం రోజుకు 400. అంటే అమ్మకాలు పెరిగి నష్టం వస్తుంది! ఇక్కడ క్లాసు ఒక్కసారి నిశ్శబ్దమవుతుంది. కాసేపటికి ఎవరో ఒకరు ‘యాప్‌లో రేటు 60 పెడదాం’ అంటారు. అప్పుడు కమీషన్ 15 పోయినా ప్లేటుకు 11 మిగులుతుంది. రోజుకు 660, జీతం తీసేస్తే 260 లాభం. అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

మాస్టారు ఇప్పుడు ఒక్క ప్రశ్న వేయాలి: ఆ 60 మందీ కొత్తవాళ్లేనా? పక్క వీధి నుంచి నడిచొచ్చి తినే మనిషి ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఆర్డర్ పెట్టాడనుకోండి. అతను షాపుకొచ్చి తింటే 20 మిగిలేది. అలాంటి పాత గిరాకీ 60 మందిలో 13 మంది ఉంటే చాలు, 260 రూపాయల లాభం మొత్తం ఎగిరిపోతుంది. పద్నాలుగో మనిషి నుంచి నష్టమే. తండ్రీకొడుకుల గొడవ తేలేది ఈ పదమూడు దగ్గర. అది ఏ ఖాతా పుస్తకంలోనూ ఉండదు. గిరాకీని అడిగి తెలుసుకోవాలి, లేదా రెండు వారాలు నడిపి చూడాలి. అకౌంటెన్సీలో మొదలైన పాఠం మార్కెటింగ్‌లోకి వెళ్లిపోయింది. సిలబస్‌లో ఈ రెండూ వేర్వేరు సెమిస్టర్లలో, వేర్వేరు మాస్టార్ల దగ్గర ఉంటాయి.

బ్రేక్ ఈవెన్ నిర్వచనం నోటికి వచ్చిన విద్యార్థికీ, ఈ పదమూడు దాకా రాగలిగిన విద్యార్థికీ ఉన్న తేడా కోసమే కేసు పద్ధతి పుట్టింది. అయితే దాన్ని మన డిగ్రీ కాలేజీల్లోకి ఉన్నదున్నట్టు దింపుకుంటే పని చేయదు.

ఎవరి కోసం పుట్టిందో

మూలం న్యాయ విద్యలో ఉంది. 1870లలో హార్వర్డ్ లా స్కూల్ డీన్ క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్, సూత్రాలు వల్లె వేయించడం మాని కోర్టు తీర్పులనే చదివించి వాటిలోంచి సూత్రాన్ని విద్యార్థులతోనే లాగించడం మొదలుపెట్టాడు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో మొదలైంది. 1919లో దానికి డీన్‌గా వచ్చిన వాలెస్ డాన్‌హమ్ కూడా లా చదివినవాడే. వ్యాపారానికి కోర్టు తీర్పుల్లాంటివి లేవు కాబట్టి మనమే రాసుకుందామన్నాడు. 1921లో ‘జనరల్ షూ కంపెనీ’ పేరుతో మొదటి కేసు వచ్చింది. అది ఒకే ఒక్క పేజీ. ఫ్యాక్టరీలో పనివాళ్లు టైము కాకముందే పని ఆపేస్తున్నారు, ఏం చేయాలి అన్నది విషయం. ఇరవై పేజీల కేసుల్ని చూసి బెదిరిపోయే మన అధ్యాపకులు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

మన దేశంలో 1961లో మొదలైన ఐఐఎం అహ్మదాబాద్ హార్వర్డ్ సహకారంతో ఈ పద్ధతిని తెచ్చుకుంది. విశాఖకూ మేనేజ్‌మెంట్ విద్య కొత్తది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950ల చివర్లోనే ఎంబీఏ ఉంది. 2015లో ఐఐఎం వచ్చింది, మొదట ఏయూ ప్రాంగణంలో నడిచి తర్వాత ఊరి శివార్లలోని గంభీరం అనే చోటికి వెళ్లింది. కానీ ఇదంతా పీజీ సంగతి. ఊళ్లో మేనేజ్‌మెంట్ చదివేవాళ్లలో బీకాం, బీబీఏ పిల్లలు తక్కువేమీ కాదు. 2024-25 నుంచి బీబీఏను సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ తన పరిధిలోకి తీసుకున్నాక ‘కేస్ స్టడీ’ అన్న మాట సిలబస్ కాగితాల్లో ఇంకా ఎక్కువగా కనిపిస్తోంది. కాగితం మీద ఎక్కించడం తేలికే.

హార్వర్డ్ ఎంబీఏ విద్యార్థి రెండేళ్లలో సుమారు 500 కేసులు చదువుతాడు. అతనికి అప్పటికే కొన్నేళ్ల ఉద్యోగ అనుభవం ఉంటుంది. బాస్ ఎలా ఉంటాడో, బడ్జెట్ మీటింగ్‌లో ఏం జరుగుతుందో, సరుకు లేటయితే ఎవరు ఎవరి మీద అరుస్తారో చూసి వచ్చాడు. కేసు అతని అనుభవాన్ని కదిపి వరసలో పెడుతుంది. పద్దెనిమిదేళ్ల డిగ్రీ విద్యార్థికి ఆ సరుకు లేదు. అతనికి ఒక అమెరికన్ విమానయాన సంస్థ గురించి ఇరవై పేజీలు ఇస్తే అతని శక్తంతా ఆ కంపెనీ ఏమిటో, ఆ పేర్లేమిటో, ఆ ఇంగ్లిష్ ఏమిటో అర్థం చేసుకోవడానికే చాలదు. మనసు ఒకసారి పట్టి ఉంచుకోగలిగింది కొంచెమే. పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ 2006లో రాసిన ప్రసిద్ధ వ్యాసం చెప్పిందీ అదే: విషయంలో కొత్తవాళ్లను పెద్దగా దారి చూపించకుండా సమస్యలోకి తోసేస్తే నేర్చుకునేది తక్కువ. కేసు పద్ధతిని వ్యతిరేకించేవాళ్లు ఈ వ్యాసాన్ని చూపించి పాత ఉపన్యాసమే మేలంటారు. నా లెక్కలో ఈ వ్యాసం చెప్పేది కేసు మానేయమని కాదు, కేసును చిన్నది చేయమని, పక్కన మాస్టారు ఉండమని.

కథ గుర్తుంటుంది, పాఠం జారిపోతుంది

అసలు చిక్కు ఇక్కడుంది. టిఫిన్ సెంటర్ కేసు చక్కగా చేసిన విద్యార్థిని నెల తర్వాత అడగండి. టిఫిన్ సెంటర్ గుర్తుంటుంది, తండ్రీకొడుకుల గొడవ గుర్తుంటుంది, ‘యాప్ కమీషన్ ఎక్కువ’ అని గుర్తుంటుంది. అదే తర్కం ఇంకో వ్యాపారంలో కనిపిస్తే మాత్రం తట్టదు.

ఇది మన పిల్లల లోపం కాదు, మనిషి బుర్ర తీరే అంత. 1980లో మేరీ గిక్, కీత్ హోలియోక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ముందు ఒక కథ చదివించారు. కోటకు వెళ్లే దారులన్నిటిలో మందుపాతరలు ఉన్నాయి, పెద్ద సైన్యం ఒకే దారిలో వెళ్తే పేలతాయి. సేనాపతి సైన్యాన్ని చిన్న చిన్న దళాలుగా చేసి అన్ని దారుల నుంచీ ఒకేసారి పంపి కోట పట్టుకుంటాడు. ఆ తర్వాత ఒక సమస్య ఇచ్చారు. రోగి కడుపులో కణితి ఉంది. దాన్ని చంపగల బలమైన కిరణం చుట్టూ ఉన్న కండనూ చంపేస్తుంది. డాక్టరు ఏం చేయాలి? జవాబు కథలోనే ఉంది: బలహీనమైన కిరణాలను చాలా వైపుల నుంచి కణితి మీదకే కలిసేలా పంపాలి. అయినా చాలామందికి ఆ కథ ఇక్కడ పనికొస్తుందని తట్టలేదు. ‘ఇందాకటి కథ చూడండి’ అని సూచన ఇచ్చాక మాత్రం ఎక్కువమంది పట్టేశారు.

ఉద్యోగంలో ఆ సూచన ఇచ్చేవాళ్లు ఉండరు కదా! దీనికి మందు తర్వాతి పరిశోధనలోనే దొరికింది. 1999లో జెఫ్రీ లోవెన్‌స్టీన్, లీ థాంప్సన్, డెడ్రే గెంట్నర్ మేనేజ్‌మెంట్ విద్యార్థులకు బేరసారాల మీద రెండేసి చిన్న కేసులు ఇచ్చారు. కొందరు వాటిని విడివిడిగా చదివారు. మిగతావాళ్లను రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చమన్నారు. కేసులు అవే, కాగితాలు అవే. కానీ తర్వాత నిజంగా బేరం చేయాల్సి వచ్చినప్పుడు, పోల్చినవాళ్లు ఆ మెలకువను వాడిన అవకాశం దాదాపు మూడు రెట్లు ఎక్కువ.

డిగ్రీ స్థాయిలో కేసు పద్ధతి గురించి నేను చెప్పదలచుకున్నది ఇదే. ఒక పెద్ద కేసు కన్నా, పైకి సంబంధం లేనట్టు కనిపించే రెండు చిన్న కేసులు జతగా ఇవ్వడం మేలు. పైపై వివరాలు వేరైతేనే లోపల ఉన్నది ఒకటేనని కళ్లకు కడుతుంది. రెండు టిఫిన్ సెంటర్లు ఇస్తే లాభం లేదు.

అందుకే మన టిఫిన్ సెంటర్‌కు జతగా అరకులో పది గదుల లాడ్జి ఒకటి పెడదాం. గది అద్దె 2,000. గది నిండితే అయ్యే అదనపు ఖర్చు, అంటే దుప్పట్లు ఉతకడం, సబ్బులు, వేణ్నీళ్లు, అన్నీ కలిపి 300. బుకింగ్ సైటు కమీషన్ 20 శాతం, 400. ఫోన్ చేసి వచ్చిన గిరాకీ మీద 1,700 మిగిలితే, సైటు ద్వారా వచ్చిన గిరాకీ మీద 1,300 మిగులుతుంది. సైటులో చేరాలా?

క్లాసును రెండు సగాలు చేసి, బోర్డు మీద రెండు కేసులూ పక్కపక్కన రాయించాలి. అప్పుడు కనిపించేవి చూడండి. టిఫిన్ సెంటర్‌కు 50 మీద మిగిలేదే 20, కాబట్టి కమీషన్ దాన్ని నమిలేస్తుంది. లాడ్జికి 2,000 మీద 1,700 మిగులుతుంది, కమీషన్ పెద్దగా అనిపించదు. అలాగని లాడ్జికి ఎప్పుడూ లాభమేనా? జులైలో మంగళవారం ఖాళీగా ఉన్న గదికి 1,300 వచ్చినా మేలే, ఆ రాత్రి పోయిందంటే మళ్లీ అమ్ముకోలేం. డిసెంబర్ చలిలో శని, ఆదివారాలు ఫోన్లతోనే నిండిపోయే గదిని సైటులో పెడితే గదికి 400 పోగొట్టుకున్నట్టే. అంటే ఇక్కడా ప్రశ్న అదే: ఈ గిరాకీ ఎలాగూ వచ్చేదేనా? టిఫిన్ సెంటర్‌లో ఆ ప్రశ్న మనుషుల మీద, లాడ్జిలో తేదీల మీద.

ఈ పోలిక మంచి చోటికి తీసుకెళ్తుంది. లాడ్జివాడు సీజన్‌లో సైటు మూసి, మిగతా రోజుల్లో తెరవగలడు. ఇది తట్టిన విద్యార్థి వెంటనే వెనక్కి తిరిగి అడుగుతాడు: టిఫిన్ సెంటర్ కూడా యాప్‌ను పొద్దున్న రద్దీలో ఆపేసి, పది దాటాక తెరవొచ్చు కదా? మొదటి కేసుకు దొరకని పరిష్కారం రెండో కేసు నుంచి వచ్చింది. క్లాసులో అలాంటి చోట రోజూ తినే కుర్రాడు ఇంకో అడుగు ముందుకు వేస్తాడు: ‘పొద్దున ఎనిమిదికి అక్కడ కూర్చోవడానికి చోటుండదు సార్, చూసి వెళ్లిపోతారు.’ అలాంటప్పుడు పాత గిరాకీ యాప్‌కు మారితే బల్ల ఖాళీ అయి కొత్త మనిషి కూర్చుంటాడు, నష్టమేమీ లేదు. కానీ ఖాళీ లేనిది బల్ల కాదు, దోశ పెనమైతే? అప్పుడు యాప్ ఆర్డరు కూడా అదే పెనం మీదకే రావాలి, గిరాకీ ఇద్దరూ విసుక్కుంటారు. ఆపరేషన్స్ పాఠంలో బాటిల్‌నెక్ అని చెప్పేది ఇదే. దీన్ని అరగంటలో పట్టుకున్న పిల్లలకు తర్వాత పుస్తకంలో ఆ అధ్యాయం చదవడం పెద్ద పనేమీ కాదు.

మరి ఉపన్యాసం?

ఉండాల్సిందే. మారాల్సింది దాని టైము. డేనియల్ ష్వార్ట్జ్, జాన్ బ్రాన్స్‌ఫర్డ్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, విరుద్ధంగా ఉన్న ఉదాహరణలతో ముందు కుస్తీ పట్టి ఆ తర్వాత ఉపన్యాసం విన్న విద్యార్థులు, పాఠ్యభాగాన్ని క్లుప్తంగా రాసుకుని అదే ఉపన్యాసం విన్నవాళ్ల కన్నా బాగా అన్వయించగలిగారు. ఉదాహరణలతోనే కుస్తీ పట్టి ఉపన్యాసం వినని వాళ్లు కూడా వెనకబడ్డారు. అంటే చర్చ అయ్యాక ‘సరే, మీ అభిప్రాయాలన్నీ బాగున్నాయి’ అని గంట కొట్టగానే వెళ్లిపోయే మాస్టారు పని సగంలో వదిలేసినట్టే. పదమూడు అనే అంకె బోర్డు మీదకు వచ్చాక, అది ఎలా వచ్చిందో సూత్రంగా పెట్టి, దానికి పుస్తకంలో ఉన్న పేరు చెప్పి, పేజీ చూపించాలి. అప్పటికే చేసిన పనికి పేరు పెట్టినట్టుంటుంది కాబట్టి గుర్తుంటుంది.

యాభై నిమిషాల పీరియడ్, అరవై మంది, కదలని బెంచీలు. ఇవి నిజమైన ఇబ్బందులే. కానీ అర పేజీ కేసులు రెండైతే రెండు వరుస పీరియడ్లలో అయిపోతాయి. ముందు వరుస వెనక్కి తిరిగితే నలుగురి జట్టు తయారు. ఇరవై పేజీల కేసుకు మాత్రం ఏ బెంచీ సర్దుబాటూ సరిపోదు.

భాష గురించి కూడా ఒక మాట. చాలా చోట్ల కేసు ఇంగ్లిష్‌లో ఉంది కదా అని చర్చ కూడా ఇంగ్లిష్‌లోనే జరగాలంటారు. దాంతో ఇంగ్లిష్ మాట్లాడగల ముగ్గురు నలుగురే గంటంతా మాట్లాడతారు, దోశ పెనం సంగతి తెలిసిన కుర్రాడు నోరు విప్పడు. వాదన తెలుగులో, సొంత యాసలో సాగనిచ్చి, చివర రాత మాత్రం ఇంగ్లిష్‌లో అడిగితే రెండూ దక్కుతాయి.

ఊరే సిలబస్

జతలు వెతకడానికి విశాఖలో కష్టపడక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున జరిగే చేపల వేలం, అనకాపల్లి మార్కెట్లో బెల్లం వేలం తీసుకోండి. రెండూ వేలాలే. చేప ఆగదు, ఐస్ పెట్టినా ఎంతసేపు? బెల్లం దిమ్మ ఆగుతుంది. కాబట్టి బేరంలో ఎవరికి తొందర ఎక్కువ? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం వచ్చినప్పుడు ఏమవుతుంది? సరుకు ఆగగలిగినా, వ్యాపారి దగ్గర ముందే అప్పు తీసుకున్న రైతు ఆగగలడా? బేరం చేసే బలం ఎక్కడి నుంచి వస్తుందన్నది ఈ నాలుగు ప్రశ్నల్లోనే తేలుతుంది.

2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను ఇంకో గని. ఇప్పటి డిగ్రీ పిల్లలు అప్పుడు చిన్నవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మంటే సగం కేసు వాళ్లే రాసుకొస్తారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, చేతిలో నగదు లేదు. కొవ్వొత్తులు ఉన్న కిరాణా యజమాని రేటు పెంచాలా, తెలిసిన ముఖాలకు అప్పు ఇవ్వాలా? డిమాండ్ సప్లై, వ్యాపార నీతి ఒకే కొట్టు ముందు నిలబడతాయి.

స్టీల్ ప్లాంట్‌ను మాత్రం చివరి ఏడాదికి దాచుకోవాలంటాను. 1971లో శంకుస్థాపన, సొంత ఇనుప ఖనిజం గనులు లేకుండానే నడక, 2021 జనవరిలో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం, 2025 జనవరిలో 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ. ఇంత సమృద్ధమైన కేసు దేశంలో ఎక్కడ దొరుకుతుంది? కానీ విశాఖ క్లాసులో ఆ పేరెత్తగానే అది పాఠం కాకుండా పోతుంది. ఎవరో ఒకరి తండ్రి అక్కడ ఉద్యోగి, ఇంకొకరి తాత భూమి అక్కడ పోయింది. ఆవేశం న్యాయమైనదే, అయితే ‘సొంత గని లేని ప్లాంటుకు టన్ను ఉక్కు ఖర్చులో ముడిసరుకు వాటా ఎలా మారుతుంది’ అన్నంత ఇరుకైన ప్రశ్న వేస్తే తప్ప లెక్క దాకా రాలేం. 2020 మే 7న ఆర్‌ఆర్ వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ స్టైరీన్ గ్యాస్ లీకేజీ విషయంలో నేను ఇంకా జాగ్రత్త పడతాను. భద్రతా నిర్వహణ చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. కానీ 12 మంది చనిపోయిన ఘటనలో ‘నువ్వు మేనేజరు, నువ్వు గ్రామస్థుడు’ అని పాత్రలు పంచి నాటకం ఆడించడం నాకు సరిగ్గా అనిపించదు.

ఇలాంటివి రాయడానికి అధ్యాపకుడు ఊళ్లోకి వెళ్లాలి. కొట్టు యజమాని అంకెలు చెబితే పేరు మార్చి, అంకెలు కొంచెం జరిపి, రాసింది చూపించి ఒప్పుకున్నాకే వాడాలి. దీనికి కాలేజీలు టైమివ్వవు, ప్రమోషన్‌లో లెక్క వేయవు. అందుకే ఇంటర్నెట్‌లో దొరికిన పాత విదేశీ కేసు మళ్లీ మళ్లీ జిరాక్స్ అవుతుంది. దాని జవాబు కూడా అక్కడే దొరుకుతుంది, ఇప్పుడైతే చాట్‌బాట్ నిమిషంలో రాసిపెడుతుంది. దానికి మంచి విరుగుడు, కేసును ముక్కలుగా ఇవ్వడం. ముందు 50 రూపాయల రేటు దాకా. జవాబు చెప్పాక, పాత గిరాకీ సంగతి. ఆ తర్వాత బల్లల సంగతి. తర్వాతి ముక్క చేతికొచ్చినప్పుడు తన నిర్ణయాన్ని మార్చుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారు అక్కడికక్కడే తేల్చుకోవాలి.

ఇక పరీక్ష. ‘బ్రేక్ ఈవెన్ విశ్లేషణను నిర్వచించి, దాని పరిమితులు రాయండి’ అన్న పది మార్కుల ప్రశ్న ఉన్నంతకాలం, క్లాసులో ఎన్ని కేసులు చేసినా పిల్లలు పరీక్షకు గైడే చదువుతారు. వాళ్లను తప్పు పట్టలేం. యూనివర్సిటీ పేపర్ మన చేతిలో లేకపోయినా ఇంటర్నల్ పేపర్ ఉంది. అందులో మూడో వ్యాపారం పెట్టొచ్చు: విశాఖ నుంచి విజయవాడకు రాత్రి బస్సు నడిపే ఆపరేటర్, టికెట్ల యాప్ కమీషన్, పండగ సీజన్, ఖాళీ మంగళవారాలు. లెక్కకు మూడు మార్కులు. ఏ సమాచారం లేదో, దాన్ని ఎలా తెచ్చుకోవాలో చెబితే నాలుగు. ఏ అంకె మారితే తన నిర్ణయం తలకిందులవుతుందో రాస్తే మూడు. నిర్వచనానికి మార్కులేమీ లేవని ప్రశ్న పక్కనే అచ్చు వేయాలి, లేకపోతే రెండు పేజీలు దానికే పోతాయి.